కాలనీ వీధికి ఎలాంటి దీపం కావాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు చెట్లతోపాటు వేల సంఖ్యలో కరెంటు స్తంభాలు కూడా నేలకొరిగాయి. నగరాన్ని తిరిగి నిలబెట్టే పనిలో భాగంగా, కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని ఈఈఎస్‌ఎల్ సంస్థ అక్కడి పాత వీధి దీపాలను తొలగించి సుమారు 90 వేల ఎల్‌ఈడీ దీపాలను అమర్చింది. 2015 జనవరి 5న జాతీయ వీధి దీపాల కార్యక్రమం మొదలయ్యాక ఇదే పద్ధతి దేశమంతటా విస్తరించింది. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పరిధిలో నాలుగు లక్షలకు పైగా దీపాలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాలే కాక గ్రామ పంచాయతీలు కూడా పెద్ద ఎత్తున ఎల్‌ఈడీల వైపు మళ్లాయి. ఇంత తక్కువ కాలంలో ఇన్ని వీధుల వెలుగు మారిన సందర్భం మన దేశంలో అంతకుముందు లేదు.

ఈ మార్పు జరిగిన తీరు మాత్రం చాలావరకు ఒకటికి ఒకటి లెక్కన సాగింది. ట్యూబులైటు ఉన్నచోట 18 లేదా 20 వాట్ల ఎల్‌ఈడీ, 150 వాట్ల సోడియం దీపం ఉన్నచోట 70 వాట్లది, 250 వాట్లది ఉన్నచోట 110 లేదా 120 వాట్లది అమర్చారు. విద్యుత్ పొదుపు విషయంలో ఈ లెక్కకు వంక పెట్టలేం. 40 వాట్ల ట్యూబులైటు తన చోక్‌తో కలిపి 50 వాట్లకు పైగానే లాగుతుంది. ఏడాదికి సుమారు 4,000 గంటలు వెలిగితే అది 200 యూనిట్లు దాటుతుంది, అదే 20 వాట్ల ఎల్‌ఈడీకి 80 యూనిట్లు చాలు. అయితే పాత దీపం ఉన్న చోటే కొత్త దీపాన్ని బిగించడమంటే, ఆ స్తంభం అక్కడ ఎందుకు ఉందో, ఆ వీధికి ఎంత వెలుగు అవసరమో, అది ఎక్కడ పడాలో ఎవరూ అడగకుండానే నిర్ణయం జరిగిపోయిందని అర్థం. ప్రధాన రహదారులకు దీప స్తంభాలను ప్రత్యేకంగా లెక్క వేసి పాతుతారు కాబట్టి అక్కడ దీనివల్ల పెద్ద నష్టం లేదు. కాలనీ వీధుల పరిస్థితి వేరు. అక్కడి స్తంభాలు ఇళ్లకు కరెంటు ఇవ్వడానికి డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) వేసినవి, దీపం వాటిని ఆసరా చేసుకుని వేలాడే అదనపు వస్తువు మాత్రమే. స్తంభాల మధ్య దూరాన్ని నిర్ణయించింది తీగ బరువూ, ఇళ్లకు ఇచ్చే సర్వీసు వైర్ల సౌలభ్యమూ తప్ప వెలుగు కాదు.

నివాస వీధికి దీపం ఎంచుకోవడంలో చర్చంతా ఎన్ని వాట్లు అన్న ప్రశ్న చుట్టూ తిరగడానికి మూలం ఇదే. నిజానికి తేల్చుకోవలసింది వెలుగు పరిమాణం కంటే ముందు దాని పంపకం.

భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 1944 అనే ప్రమాణంలో రహదారులను వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి రోడ్డు ఉపరితలం మీద ఉండవలసిన సగటు కాంతిని లక్స్‌లలో (నేల మీద పడే వెలుగు కొలమానం) నిర్దేశించింది. వేగంగా, ఎక్కువగా వాహనాలు తిరిగే ఏ1 రహదారులకు 30 లక్స్, ఏ2 రహదారులకు 15 లక్స్ అవసరం. స్థానికంగా రద్దీ ఉండే వీధులు, దుకాణాల వీధులు బీ1 కిందికి వస్తాయి, వాటికి 8 లక్స్. రాకపోకలు పలచగా ఉండే వీధులు బీ2, వాటికి 4 లక్స్ సరిపోతుంది. కాలనీల లోపలి వీధుల్లో అత్యధిక భాగం ఈ చివరి వర్గానివే. నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదని గుర్తుంచుకుంటే 4 లక్స్ ఏమంత తక్కువ కాదని తెలుస్తుంది. ఈ ప్రమాణంలో ఇంకో షరతు ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బీ వర్గపు వీధుల్లో అతి తక్కువ వెలుగు పడే చోట కూడా సగటులో కనీసం 0.3 వంతు కాంతి ఉండాలి. అంటే సగటు 4 లక్స్ ఉన్న వీధిలో ఎక్కడా 1.2 లక్స్‌కు తగ్గకూడదు. స్తంభం కింద 20 లక్స్, రెండు స్తంభాల నడుమ అర లక్స్ ఉన్న వీధి సగటులో ఉత్తీర్ణత సాధించినా, ఈ షరతు దగ్గర తప్పుతుంది. మన కాలనీల్లో రాత్రిపూట నడిచేవారికి ఎదురయ్యేది చాలావరకు ఇదే పరిస్థితి.

దీని వెనకున్న లెక్క కష్టమైనదేమీ కాదు. దీపం 6 మీటర్ల ఎత్తున ఉంది, స్తంభాల మధ్య దూరం 30 మీటర్లు అనుకుందాం. దీపం అన్ని దిక్కులకూ సమానమైన తీవ్రతతో కాంతిని పంపితే, సరిగ్గా దాని కింద పడే వెలుగుతో పోల్చినప్పుడు 15 మీటర్ల దూరాన, అంటే రెండు స్తంభాల నడిమధ్యన నేల మీద పడేది 20వ వంతు మాత్రమే. దూరం పెరగడంతోపాటు కిరణాలు నేలను ఏటవాలుగా తాకడం ఇందుకు కారణం. అటువైపు దీపం కూడా అంతే ఇస్తుంది కనుక రెండూ కలిపి 10వ వంతు. చౌక రకం దీపాల్లో ఎల్‌ఈడీ చిప్‌ల మీద లెన్సు ఉండదు. వట్టి గాజు పలకో, ప్లాస్టిక్ పలకో మాత్రమే ఉంటుంది. అలాంటి దీపం కిందికి ఎక్కువగా, పక్కలకు తక్కువగా కాంతిని పంపుతుంది కాబట్టి నడిమధ్యన పడే వెలుగు 26వ వంతుకు పడిపోతుంది. అదే 65, 70 డిగ్రీల కోణంలో తీవ్రత నిట్టనిలువు తీవ్రతకు మూడు రెట్లు ఉండేలా లెన్సును మలిస్తే, రెండు దీపాలు కలిసి నడిమధ్యన దాదాపు మూడో వంతు వెలుగు ఇస్తాయి. వాట్లు మారలేదు, కరెంటు బిల్లు మారలేదు, మారింది లెన్సు ఒక్కటే.

చీకటిగా ఉందన్న ఫిర్యాదు రాగానే 20 వాట్ల దీపం తీసి 45 వాట్లది పెట్టే అలవాటు ఎందుకు పనిచేయదో కూడా ఈ లెక్కలోనే ఉంది. వాట్లు పెంచితే స్తంభం కింద వెలుగూ, నడిమధ్య వెలుగూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. చీకటి మచ్చ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పైగా ఎక్కువ వెలుగులోంచి నడిచి వచ్చిన కన్ను తేరుకోవడానికి సమయం పడుతుంది కనుక ఆ మచ్చ మునుపటికంటే నల్లగా కనిపిస్తుంది. స్తంభాల మధ్య దూరం 40 మీటర్లున్న చోట 6 మీటర్ల ఎత్తు నుంచి ఏ లెన్సూ పూర్తిగా ఆదుకోలేదు. అక్కడ నడుమ ఒక చిన్న స్తంభం వేయడమో, ఉన్న దీపాన్ని పైకి జరపడమో తప్ప గత్యంతరం లేదు. కొత్త స్తంభం ఖర్చు అనుకుని దాన్ని వాయిదా వేస్తూ పెద్ద వాట్ల దీపాలు కొంటూ పోవడం పొదుపు కాదు.

మరి ఎన్ని వాట్లు కావాలి? 6 మీటర్ల వెడల్పు, అంటే సుమారు 20 అడుగులున్న సందులో ఒక్కో దీపం వెలిగించవలసిన రోడ్డు 180 చదరపు మీటర్లు. వాటుకు 110 ల్యూమెన్లు (దీపం వెదజల్లే మొత్తం కాంతి కొలమానం) ఇచ్చే 20 వాట్ల దీపం నుంచి 2,200 ల్యూమెన్లు వస్తాయి. అందులో 45 శాతం రోడ్డు మీద పడిందనుకుని, దుమ్ము పేరుకోవడం, చిప్‌ల తీవ్రత క్రమంగా తగ్గడం వంటి వాటికి 30 శాతం మినహాయిస్తే మిగిలేది 3.8 లక్స్ పైచిలుకు. 25 వాట్ల దీపంతో ప్రమాణం అందుతుంది. 40 అడుగుల కాలనీ ప్రధాన వీధికి, 8 లక్స్ లెక్కన, సుమారు 85 వాట్ల దీపం కావాల్సి వస్తుంది. ఒకే కాలనీలో రెండు వీధులకు ఇంత తేడా ఉన్నప్పుడు వార్డు మొత్తానికి ఒకే రకం దీపాన్ని టోకున కొనడం వల్ల సందుల్లో కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి, పెద్ద వీధులు మసకగా మిగిలిపోతాయి.

కళ్లు మిరుమిట్లు గొలిపే సమస్యకు మన దగ్గర ఒక ప్రత్యేక కారణం ఉంది. సోడియం దీపాల కాలంలో కాంతి రోడ్డు అవతలి అంచుదాకా వెళ్లాలని బ్రాకెట్‌ను 15, 20 డిగ్రీలు పైకి వంచి బిగించేవారు. ఎల్‌ఈడీ దీపం పలకలా చదునుగా ఉంటుంది, కాంతిని ఎక్కడికి పంపాలో లెన్సే చూసుకుంటుంది, కనుక దాన్ని నేలకు సమాంతరంగా బిగించాలి. పాత బ్రాకెట్ అలాగే ఉంచి దానికే కొత్త దీపం తొడిగితే, రోడ్డుకు చేరవలసిన కాంతిలో కొంత ఎదురింటి మొదటి అంతస్తు కిటికీలోకి, మరికొంత ఆకాశంలోకి పోతుంది. 20, 30 అడుగుల వీధుల్లో ఇళ్లు రోడ్డును ఆనుకునే ఉంటాయి, మూడు నాలుగు అంతస్తులు లేస్తాయి. దీపం సరిగ్గా పడకగది ఎత్తులో, నాలుగైదు మీటర్ల దూరంలో ఉంటుంది. కిటికీకి అట్ట ముక్కలు అడ్డుపెట్టడం, దీపం మీదే గోనెసంచి కట్టేయడం వంటి దృశ్యాలు ఏ పాత కాలనీలోనైనా కనిపిస్తాయి. బ్రాకెట్ వంపు సరిచేయడానికి ఒక స్పానరూ, పావుగంట సమయమూ చాలు. ఇంటివైపు కాంతిని ఆపే చిన్న రేకు తొడుగు ధర కూడా స్వల్పమే. అయినా పనుల జాబితాలో ఇవి అరుదుగా కనిపిస్తాయి, ఎందుకంటే బిల్లు చేసేది దీపాల సంఖ్యను బట్టి, కోణాన్ని బట్టి కాదు.

రంగు విషయంలో అభిప్రాయాలు బలంగా ఉంటాయి. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. సోడియం దీపం పసుపు ఛాయ 2,000 కెల్విన్ల దగ్గర ఉంటుంది. మన నగరాల్లో అమర్చిన ఎల్‌ఈడీల్లో ఎక్కువ భాగం 5,700 కెల్విన్ల ప్రాంతంలో ఉండే తెల్లని, కొద్దిగా నీలి ఛాయ ఉన్న వెలుగునిస్తాయి. మొదటి తరం ఎల్‌ఈడీల్లో తెల్లని రకానికి వాటుకు ల్యూమెన్లు ఎక్కువ వచ్చేవి, దీన్ని ఎంచుకోవడానికి అదే కారణం. ఇప్పుడు 3,000 కెల్విన్ల దీపానికీ, దీనికీ ఆ తేడా బాగా తగ్గింది. అమెరికా వైద్య సంఘం 2016లో వీధి దీపాలకు 3,000 కెల్విన్లు లేదా అంతకంటే తక్కువ ఉండాలని సిఫారసు చేసింది. నీలి కాంతి కంటిలో ఎక్కువగా చెదిరి మిరుమిట్లను పెంచుతుందనీ, రాత్రివేళ నిద్రకు దోహదం చేసే మెలటోనిన్ స్రావాన్ని అడ్డుకుంటుందనీ అది వివరించింది. వయసు మీరేకొద్దీ కంటి కటకం మసకబారుతుంది కాబట్టి కాంతి చెదరడం వృద్ధులను మరింత ఇబ్బంది పెడుతుంది. సాయంత్రం నడకకు వచ్చే పెద్దలు ఎక్కువగా ఉండే కాలనీలకు ఇది చిన్న విషయం కాదు.

ముంబయి మెరైన్ డ్రైవ్ మీద 2015లో సోడియం దీపాలు తీసి తెల్లని ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు, క్వీన్స్ నెక్లెస్‌గా పేరుపొందిన ఆ వంపు తన బంగారు ఛాయను కోల్పోయిందని నగరమంతా గగ్గోలెత్తింది. చివరికి అధికారులు పసుపు ఛాయ ఎల్‌ఈడీలు అమర్చవలసి వచ్చింది. సముద్రతీర రాజమార్గానికి దక్కిన ఈ వెసులుబాటు కాలనీ వీధులకు దక్కలేదు, నిజానికి మనుషులు నిద్రపోయేది ఇక్కడే. తెల్లని వెలుగుకు అనుకూలంగా చెప్పే వాదనలో కూడా బలముంది. సోడియం వెలుగులో ఎర్ర చొక్కా, ఆకుపచ్చ చొక్కా ఒకేలా కనిపించేవి, ఎల్‌ఈడీ వచ్చాక రంగులు తెలుస్తున్నాయి, సీసీ కెమెరాల దృశ్యాలు మెరుగయ్యాయి. అయితే రంగులు తెలియడం ఎల్‌ఈడీ స్వభావం వల్లనే కాని 5,700 కెల్విన్ల వల్ల కాదు. 3,000 కెల్విన్ల ఎల్‌ఈడీ కింద కూడా చొక్కా రంగు స్పష్టంగానే కనిపిస్తుంది. కాబట్టి ప్రధాన రహదారుల సంగతి ఎలా ఉన్నా, నివాస వీధుల్లో వెచ్చని ఛాయకే మొగ్గు చూపడం సమంజసం.

తొలకరి తర్వాత ఒకటి రెండు సాయంత్రాలు ఉసిళ్లు లేచినప్పుడు ఈ తేడా మరోలా కనిపిస్తుంది. నీలి ఛాయ ఉన్న వెలుగుకు పురుగులు ఎక్కువగా చేరతాయి. దీపం తొడుగుకు సరైన సీలు లేకపోతే రెక్కలూ కళేబరాలూ లోపలి గాజు మీద పేరుకుని, వర్షాకాలం ముగిసేసరికి కాంతిలో చెప్పుకోదగ్గ భాగాన్ని మింగేస్తాయి. దుమ్మూ నీరూ చొరబడకుండా ఉండే ఐపీ 65 స్థాయిని టెండర్లలో అడుగుతూనే ఉన్నారు. మరమ్మతుకు ఒకసారి మూత తెరిచిన తర్వాత రబ్బరు సీలు మళ్లీ సరిగ్గా కూర్చుందా లేదా అన్నది చూసేవారే తక్కువ.

భద్రత పేరు చెప్పగానే ఎంత వెలుగైనా సమర్థనీయమే అన్న ధోరణి కనిపిస్తుంది. అధ్యయనాలు అంత సూటిగా లేవు. ఇంగ్లండ్, వేల్స్‌లలోని 62 స్థానిక సంస్థల సమాచారాన్ని పరిశీలించి 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఖర్చు తగ్గించడానికి దీపాలను అర్ధరాత్రి ఆపేసిన చోట్లా, మసకబార్చిన చోట్లా రోడ్డు ప్రమాదాలు, నేరాలు పెరిగినట్లు ఆధారం దొరకలేదు. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, ప్రకాశవంతమైన తాత్కాలిక దీప స్తంభాలను నిలబెట్టిన ప్రయోగంలో మాత్రం, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. రెండూ పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది సాధారణ వీధులను చూసింది, రెండోది నేరాలు అధికంగా ఉన్న ఆవరణలను. అదనపు వెలుగు ఎక్కడ అవసరమో అక్కడ ఫలిస్తుంది, ప్రతి సందులోనూ రెట్టింపు చేయడం వల్ల కాదు. బస్సు దిగి ఇంటికి వెళ్లే దారి, ఖాళీ స్థలం పక్కనున్న మలుపు, పార్కు వెనక గేటు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె చాటు వంటి చోట్లను గుర్తించాలంటే ఆ వీధిలో రాత్రి పదింటికి నడిచే ఆడవాళ్లను అడగడమే దగ్గరి దారి. ఎదురుగా వస్తున్న మనిషి ముఖం నాలుగు మీటర్ల దూరం నుంచే గుర్తుపట్టగలగడం పాదచారుల వీధికి దీపరూపకర్తలు పెట్టుకునే కొలబద్ద. అందుకు నేల మీద పడే వెలుగు ఒక్కటే చాలదు, ముఖం మీద కూడా కొంత పడాలి. నిట్టనిలువుగా కిందికి మాత్రమే గుచ్చే దీపాలు ఈ పరీక్షలో కూడా విఫలమవుతాయి.

చెట్ల గురించి ఒక్క మాట. కానుగ, తురాయి కొమ్మలు దీపాన్ని కప్పేసిన చోట కొమ్మలు నరకడమే పరిష్కారమన్నట్లు వ్యవహరిస్తున్నారు. దీపాన్ని కొమ్మల కిందికి, నాలుగున్నర అయిదు మీటర్ల ఎత్తుకు దించి, వాట్లు తగ్గించి, రెండు దీపాల దూరాన్ని కూడా తగ్గిస్తే చెట్టూ ఉంటుంది, వెలుగూ ఉంటుంది.

ఎంపికలో సగం భాగం దీపం వెలిగిన తర్వాత మొదలవుతుంది. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలు వీధి దీపాలను పురపాలక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. ఆచరణలో మాత్రం స్తంభం డిస్కంది, దీపం కార్పొరేషన్‌ది, మరమ్మతు కాంట్రాక్టరుది, దాని మీద వేలాడే కేబుల్ చుట్టలు మరెవరివో. దీపం ఆరిపోతే ఎవరిని అడగాలన్నది ఫిర్యాదు చేసేవారికే కాదు, కొన్నిసార్లు సిబ్బందికి కూడా తేలదు. ఎల్‌ఈడీ చిప్‌లు 50 వేల గంటలు వెలుగుతాయని కంపెనీలు చెప్పే మాట అబద్ధం కాదు. ముందుగా పోయేది చిప్ కాదు, దానికి కరెంటును సరిచేసి అందించే డ్రైవర్. న్యూట్రల్ తెగి వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు, పిడుగులు పడే సాయంత్రాల్లో, సర్జ్ రక్షణ లేని డ్రైవర్లు వరుసగా కాలిపోతాయి. 10 కిలోవోల్టుల సర్జ్ రక్షణ ఉన్న దీపం, డ్రైవర్‌ను విడిగా మార్చగల దీపం కొన్ని వందల రూపాయలు ఎక్కువైనా అవే చవక. డ్రైవర్ చెడితే మొత్తం దీపాన్నే పారేయాల్సిన మోడళ్లకు దూరంగా ఉండటం మేలు.

దీపాలను సమయానికి వెలిగించి ఆర్పడానికి ఇప్పుడు సీసీఎంఎస్ (కేంద్రీకృత నియంత్రణ, పర్యవేక్షణ వ్యవస్థ) బాక్సులు ఉన్నాయి, ఒక్కో బాక్సు పదుల దీపాలను నియంత్రిస్తుంది. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను బట్టి అదే స్విచ్ వేస్తుంది. అయినా పట్టపగలు వెలుగుతున్న వీధి దీపాల ఫొటోలు పత్రికల జిల్లా పేజీల్లో ఇప్పటికీ కనిపిస్తుంటాయి. దీపాలకు ప్రత్యేకమైన మూడో తీగ లేని చోట, ఇళ్లకు వెళ్లే లైను నుంచే నేరుగా కనెక్షన్ ఇస్తారు కాబట్టి ఆ దీపాన్ని ఏ బాక్సూ ఆపలేదు. తెలంగాణలో పల్లె ప్రగతి, పట్టణ ప్రగతి కార్యక్రమాల్లో మూడో తీగ లాగడాన్ని ఒక పనిగా చేర్చడానికి కారణం ఇదే. దీపం కొనేముందు తీగ ఉందో లేదో చూడకపోతే, స్మార్ట్ నియంత్రణకు పెట్టిన డబ్బు వృథా. తీగా బాక్సూ సక్రమంగా ఉన్న కాలనీల్లో రాత్రి 11 గంటల తర్వాత వెలుగును సగానికి తగ్గించే వీలున్న డ్రైవర్లను ఎంచుకోవచ్చు. కరెంటు ఉన్న స్తంభం మీద సౌర దీపం బిగించడం మాత్రం ఆర్భాటమే, నాలుగైదేళ్లలో దాని బ్యాటరీ మార్చే పద్దు ఏ బడ్జెట్‌లోనూ ఉండదు.

ఈ లెక్కలన్నీ కొనుగోలు కాగితం మీదికి రావాలంటే టెండర్ భాష మారాలి. 20 వాట్ల దీపాలు ఇన్ని కావాలని రాసే బదులు, 6 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల స్తంభాల దూరం ఉన్న వీధిలో సగటున 4 లక్స్, కనిష్ఠం 1.2 లక్స్, రంగు 3,000 కెల్విన్లు, మొదటి అంతస్తు కిటికీ వద్ద ఇంతకు మించని వెలుగు అని రాయవచ్చు. దీపం కాంతిని ఏ కోణంలో ఎంత పంపుతుందో తెలిపే ప్రయోగశాల ఫైలును ప్రతి పేరున్న తయారీదారూ ఇస్తాడు. దాన్ని ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఆ వీధి కొలతలతో ఫలితం ముందే చూడవచ్చు. అంతకంటే నమ్మకమైన పద్ధతి, ఆర్డర్ ఇచ్చేముందు పక్కపక్కనున్న నాలుగు స్తంభాలకు నమూనా దీపాలు బిగించి, కొన్ని వేల రూపాయలకు దొరికే లక్స్ మీటర్‌తో రెండు స్తంభాల నడుమ మూడు మీటర్లకొకచోట, రోడ్డు రెండు అంచుల్లోనూ, మధ్యలోనూ కొలతలు తీసుకోవడం. నివాసుల సంఘం ప్రతినిధి, కార్పొరేషన్ విద్యుత్ విభాగపు ఏఈ, సరఫరాదారు మనిషి ముగ్గురూ ఆ కాగితం మీద సంతకం చేస్తే, మూడేళ్ల తర్వాత వెలుగు తగ్గిందన్న వివాదం వచ్చినప్పుడు పోల్చి చూడటానికి ఒక ఆధారం ఉంటుంది. కొలతలు వెన్నెల లేని రాత్రి, దుకాణాలు మూసిన తర్వాత, ఇళ్ల ముందు లైట్లు ఆర్పించి తీయాలి. అలా చేయకపోతే నమోదయ్యేది వరండా దీపాల వెలుగే.